వరంగల్‌లో డ్యూటీకి బస్సా, షేర్ ఆటోనా, సొంత బండా? తిరుగు ప్రయాణం చూసి తేల్చుకోండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట పేరుకు మూడు ఊళ్లు, బతుకుదెరువుకు మాత్రం ఒకటే ఊరు. కాజీపేటలో ఉండి వరంగల్ చౌరస్తాలో బట్టల షాపులో పనిచేసేవాళ్లున్నారు. శివనగర్‌లో ఉండి మడికొండ ఐటీ కంపెనీకి పోయేవాళ్లున్నారు. హన్మకొండ నుంచి గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కుకు పోయేవాళ్లూ ఉన్నారు. కొత్తగా ఉద్యోగం దొరకగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే. రోజూ ఎట్లా పోవాలి? అప్పు చేసి బండి కొనాలా, ఆటోలతో నెట్టుకురావచ్చా, బస్సును నమ్ముకోవచ్చా?

చాలామంది పొద్దున పరిస్థితి చూసి నిర్ణయం తీసుకుంటారు. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు ఈ ఊర్లో ఏదో ఒకటి దొరుకుతుంది. బస్సులు వరుసగా వస్తాయి, ఆటోవాళ్లు పిలిచి మరీ ఎక్కించుకుంటారు, దారిలో తెలిసినవాళ్లు బండి ఆపుతారు. అసలు కష్టమంతా తిరిగొచ్చేటప్పుడే. డ్యూటీ దిగే టైముకు గేటు బయట ఏం దొరుకుతుందో, వాన పడినా, ఓవర్‌టైమ్ చేసినా అది దొరుకుతుందో లేదో చూసుకుంటే సగం టెన్షన్ ముందే తీరిపోతుంది. కాబట్టి ఒక కాగితం మీద రెండు టైములు రాసుకోండి. ఒకటి డ్యూటీ అయిపోవాల్సిన టైము, రెండోది నిజంగా గేటు దాటి బయటపడే టైము. ఈ రెంటికీ మధ్య తేడా చాలా ఉంటుంది.

చీరల షాపునే తీసుకోండి. తొమ్మిదికి షట్టర్ సగం దించుతారు. కౌంటర్ మీద కుప్పగా పడి ఉన్న చీరలన్నీ మడత పెట్టాలి, ర్యాకుల్లో సర్దాలి, ఆ రోజు లెక్క అప్పజెప్పాలి. సేల్స్ గర్ల్ బయటికొచ్చేసరికి పది కావస్తుంది. పండుగ సీజన్లో, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు ఇంకా ఆలస్యం. అప్పటికి బస్సులు పలుచబడతాయి. చౌరస్తాలో షేర్ ఆటో ఉంటుంది గానీ నిండేదాకా కదలదు. ఇద్దరే ఉంటే 'స్పెషల్ మాట్లాడుకో చెల్లే' అంటాడు డ్రైవర్. పొద్దున మహిళలకు ఉచితమైన ఆర్టీసీ బస్సులో వచ్చిన ఆ అమ్మాయి, రాత్రి ఇంటికి పోవడానికి ఆ రోజు సంపాదనలో మంచి ముక్కే ఆటోకు పెట్టాల్సి వస్తుంది. నెలకు నాలుగైదు రోజులైతే ఎట్లాగో సర్దుకోవచ్చు. రోజూ ఇదే అయితే ఉచిత బస్సు లెక్క మొత్తం తలకిందులవుతుంది.

బస్సు ఎవరికి బాగా కుదురుతుంది

కాజీపేట నుంచి ఫాతిమానగర్, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ స్టేషన్ దాకా పోయే దారే ఈ ఊరికి వెన్నెముక. మీ ఇల్లు, మీ పని రెండూ ఈ దారికి నడక దూరంలో ఉండి, డ్యూటీ రాత్రి ఎనిమిదిలోపు అయిపోతే వేరే ఆలోచన అవసరం లేదు. బస్సే ఎక్కండి. మహిళలకైతే మరీ నిక్కచ్చిగా ఇదే చెప్తాను. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ ఖర్చు లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు, కాబట్టి ఎక్కేముందు బోర్డు చూసుకోవాలి. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి. టికెట్ లేకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది మీకే. పైగా మీ రూటులో ఎంతమంది ఎక్కుతున్నారన్న లెక్క ఆర్టీసీకి ఆ టికెట్ల ద్వారానే తెలుస్తుంది.

బస్సుకున్న చిక్కు రద్దీ. పథకం వచ్చాక పొద్దున బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. పాలిచ్చే తల్లులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలు నిలబడి ప్రయాణం చేసి, మళ్లీ షాపులో రోజంతా నిలబడటం మామూలు కష్టం కాదు. వీలైతే బస్సు బయలుదేరే చోటికే పోయి ఎక్కండి. కాజీపేటలోనో హన్మకొండ బస్టాండ్‌లోనో పది నిమిషాలు ముందు ఎక్కితే సీటు దొరికే అవకాశం ఉంటుంది, మధ్య స్టాపులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మగవాళ్లు బస్ పాస్ కౌంటర్‌లో తమ రూటుకు నెలవారీ పాస్ అడిగి, రోజువారీ టికెట్ ఖర్చుతో పోల్చుకుని తీసుకోవాలి. నెలకు నాలుగు సెలవులు పోను ఇరవై ఆరు రోజులకు లెక్క వేయండి, ముప్పై రోజులకు కాదు.

షేర్ ఆటో: చిల్లరే కదా అనుకుంటే

షేర్ ఆటో ఈ ఊరికి చేసే మేలు తక్కువేం కాదు. బస్సు పోని కాలనీల్లోకి పోతుంది, చెయ్యెత్తితే ఆగుతుంది, పొద్దు పోయినా దొరుకుతుంది. కానీ నెల లెక్క ఒకసారి కూర్చుని వేయండి. కాజీపేట నుంచి వరంగల్ పోవడానికి హన్మకొండలో మారాలనుకుందాం. ఒక్కో ముక్కకు ఇరవై రూపాయలనుకున్నా రానుపోను ఎనభై. ఇరవై ఆరు రోజులకు 2,080 రూపాయలు. పన్నెండు, పదమూడు వేల జీతంలో ఇది ఆరో వంతు. విడివిడిగా ఇచ్చే ఇరవైలు కాబట్టి చేతి నుంచి జారిపోయేది కనపడదు. ఒకే ఆటోలో, మారకుండా పోగలిగితేనే ఇది చవక. రెండు ఆటోలు మారాలంటే, కొన్న బండికి పోసే పెట్రోలు కంటే ఎక్కువవుతుంది.

డబ్బు కంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ఎక్కించుకునే తీరు. వెనక సీట్లో ముగ్గురో నలుగురో, వాళ్ల ముందు అడ్డంగా వేసిన పీట మీద ఇద్దరు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు. డ్రైవర్ పక్కన కూర్చున్నాయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఒక చేత్తో పైరాడ్, ఇంకో చేత్తో టిఫిన్ బాక్స్. ఆటో మలుపు తిరిగినప్పుడల్లా ఆయన మోకాలు పక్క బండి హ్యాండిల్‌కు జానెడు దూరంలో పోతుంది. ఆ సీటులో దయచేసి కూర్చోవద్దు. తర్వాతి ఆటోకు పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. దీంట్లో చట్టం సంగతి కూడా ఉంది. పర్మిట్‌కు మించి ఎక్కించుకున్న వాహనం ప్రమాదానికి గురైతే, బీమా కంపెనీ బాధ్యత బీమా చేసిన సీట్ల లెక్కకే పరిమితమని సుప్రీంకోర్టు 2007లోనే తేల్చింది. ముగ్గురికే బీమా ఉన్న ఆటోలో ఎనిమిది మంది గాయపడితే, ముగ్గురి లెక్కన వచ్చే డబ్బునే అందరూ పంచుకోవాల్సి వస్తుంది. మిగతాది ఆటో ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి, ఆయన పరిస్థితి ఏమిటో మనకు తెలియంది కాదు.

రాత్రి షిఫ్టు వాళ్లకు ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒకే గేటు నుంచి ఒకే దిక్కుకు పోయే నలుగురు కలిసి, తెలిసిన ఆటో అన్నతో నెలకు ఇంత అని మాట్లాడుకోవడం. ఆసుపత్రుల్లో నర్సులు, ఆయాలు ఇట్లా చేసుకుంటారు. ఆటోకు నెల నెలా ఖాయంగా డబ్బు వస్తుంది కాబట్టి డ్రైవర్ టైముకు వస్తాడు. ముందే రెండు విషయాలు తేల్చుకోండి. ఒకరు సెలవు పెడితే వాళ్ల వంతు ఎవరిస్తారు, డ్యూటీ ఆలస్యమైతే ఆయన ఎంతసేపు ఆగుతాడు. గొడవలన్నీ ఈ రెంటి మీదే వస్తాయి.

సొంత బండి

కాజీపేట, వరంగల్ మధ్య రానుపోను ఇరవై రెండు కిలోమీటర్లు అనుకుందాం. ఇరవై ఆరు రోజులకు 572 కిలోమీటర్లు. లీటరుకు యాభై ఇచ్చే బండి, లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుంటే నెలకు దాదాపు 1,220. సర్వీసింగ్, ఆయిల్, టైర్లు, ఇన్సూరెన్స్ కలిపి నెలకు ఇంకో నాలుగు వందలు పక్కన పెట్టాలి. అంటే 1,600 చిల్లర. దీని మీద మూడు వేల ఈఎంఐ ఉంటే మొత్తం 4,600. పదమూడు వేల జీతానికి ఇది తలకు మించిన భారం. షోరూమ్‌లో చెప్పే 'నెలకు మూడు వేలే' అన్న మాట పెట్రోలు కలపని మాట. అదే ఈఎంఐ లేని బండి, ఇంట్లో ఉన్నదో, మంచి కండిషన్‌లో కొన్న సెకండ్ హ్యాండ్‌దో అయితే షేర్ ఆటో కంటే చవకగా పడుతుంది, టైమూ కలిసొస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఆర్‌సీ మీ పేరు మీదకు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీ బండి తగిలి దెబ్బ తిన్న ఎదుటివాళ్ల కోసం. బండి నడిపే మీకు ఏమైనా అయితే అది పనికిరాదు. ఓనర్ కోసం 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉంటుంది, పాలసీ కాగితంలో ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి. అదీ బండి పేరున్న మనిషికే, లైసెన్స్ ఉంటేనే. బావమరిది బండి మీద రోజూ డ్యూటీకి పోయేవాళ్లకు ఆ రక్షణ ఉండదు.

ఎవరికి బండి తప్పనిసరి? రాత్రి తొమ్మిది దాటాక దిగేవాళ్లకు, తెల్లవారకముందే చేరాల్సినవాళ్లకు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు హమాలీలకు, చిరు వ్యాపారులకు బస్సు టైములు పనికిరావు. డెలివరీ, కలెక్షన్, మెడికల్ రెప్ ఉద్యోగాలకు బండే పని. మడికొండకు కాలనీ లోపలి నుంచి పోయేవాళ్లకు కూడా రెండు వాహనాలు మారే తిప్పలు తప్పుతాయి.

వానాకాలంలో మాత్రం బండి మీదే అతి నమ్మకం వద్దు. 2023 జులై వరదల్లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు ఎట్లా మునిగాయో చూశాం. గట్టి వాన పడితే వరంగల్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఎంత లోతుందో తెలియని నీళ్లలోకి బండి దించకండి. ఇంజన్‌లో నీళ్లు పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది, మ్యాన్‌హోల్ మూత లేకపోతే ప్రాణానికే ముప్పు. శివనగర్ దిక్కు ఉండేవాళ్లు వాన రోజుకు ఇంకో దారి ఏదో ముందే ఒకసారి పోయి చూసుకోవాలి. వెనక కూర్చునేవాళ్లకు కూడా ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్ కొనండి. అది కూడా బండి ధరలో భాగమే అనుకోండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ సంగతి. ఇదే 572 కిలోమీటర్లకు ఒక యూనిట్‌కు పాతిక కిలోమీటర్లు అనుకుంటే ఇరవై మూడు యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలైనా రెండు వందల లోపే. నెలకు పెట్రోలు మీద వెయ్యి మిగులుతుంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా ప్రకటించారు. అయితే గృహజ్యోతి పథకం కింద రెండు వందల యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇల్లు మీదైతే పాత కరెంటు బిల్లులు తీసి చూడండి. ఇప్పటికే 185 దగ్గర ఉంటే, స్కూటర్ యూనిట్లు కలిసి రెండు వందలు దాటిస్తాయి. అప్పుడు జీరో బిల్లు పోయి మొత్తం యూనిట్లకు కట్టాలి. వేసవిలో ఫ్యాన్లు, కూలర్ నడిచే నెలల బిల్లు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్లు ఓనర్‌తో చార్జింగ్ పాయింట్ మాట్లాడుకున్నాకే కొనాలి, లేదంటే బ్యాటరీ తీసి పైకి తీసుకెళ్లగలిగే మోడల్ చూసుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, రోజుకు ఇరవై కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకు, సొంత మీటరు ఉన్నవాళ్లకు ఇది మంచి బేరం. రోజుకు ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఆ మిగులు బండి ధరలోనే పోతుంది. ఆ దూరానికి సైకిల్ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు తప్పితే మూడు నాలుగు కిలోమీటర్లకు దానికి మించినది లేదు. పెట్రోలు లేదు, ఈఎంఐ లేదు, సందుల్లోంచి పోవచ్చు.

కంపెనీ బస్సు ఉంటే ఇవి అడగండి

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. గీసుగొండ, సంగెం మండలాల్లో ఉన్న ఆ పార్కుకు నగరం నుంచి రోజూ సొంత ఖర్చుతో పోయిరావడం కష్టం. అటువంటి చోట ఉద్యోగం ఒప్పుకునేముందు జీతం అడిగినంత గట్టిగా బస్సు సంగతి అడగాలి. పికప్ పాయింట్ మా ఇంటికి ఎంత దూరం? బస్సుకు జీతంలో కోత ఉందా? ఓవర్‌టైమ్ చేసినవాళ్లకు ప్రత్యేకంగా బస్సు పెడతారా, లేక మామూలు బస్సు వెళ్లిపోతుందా? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, అక్కడ ముందు నుంచీ పనిచేస్తున్నవాళ్లను గేటు దగ్గర అడిగి తెలుసుకోండి. ఆ జవాబును బట్టి చేరాలో వద్దో ఆలోచించుకోండి. మహిళలను రాత్రి షిఫ్టులో పెట్టుకోవాలంటే యాజమాన్యం వాళ్ల సమ్మతి తీసుకోవాలి, భద్రతకు ఏర్పాట్లు చేయాలి. వాహనం అడగడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

వెయ్యి రూపాయల జీతం తక్కువైనా ఇంటి సందు మలుపు దాకా బస్సు వచ్చే కంపెనీని నేనైతే ముందు పెడతాను. ఆ వెయ్యి ఎట్లాగూ ఆటోలకే పోయేది.

బయటి ఊళ్ల నుంచి రైల్లో వచ్చేవాళ్లు

జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, జమ్మికుంట, నెక్కొండ, మహబూబాబాద్ నుంచి రోజూ వచ్చి పనిచేసుకుని పోయేవాళ్లకు నెలవారీ సీజన్ టికెట్ లాంటి చవక ప్రయాణం ఇంకోటి లేదు. ఇంచుమించు పదిహేను సింగిల్ టికెట్ల ధరకు నెలంతా తిరగొచ్చు. గరిష్ఠంగా 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. అందుకే కాజీపేట నుంచి 132 కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌కు కూడా రోజూ పోయొచ్చేవాళ్లున్నారు. ఆ జీవితం అందరికీ చెప్పను. రోజుకు ఐదారు గంటలు దారిలోనే పోతే ఇంట్లో పిల్లలు మేలుకుని ఉండగా చూసే రోజు ఆదివారం ఒక్కటే అవుతుంది.

సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీల్లో ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్‌లకు అదనపు చార్జీ ఉంటుంది. ఇంకో స్థానిక కిటుకు. జమ్మికుంట దిక్కు నుంచి సికింద్రాబాద్ పోయే బండ్లు కాజీపేటలో ఆగి అటే పోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. ఢిల్లీ నుంచి విజయవాడ పోయే చాలా బండ్లు వరంగల్‌లో ఆగుతాయి గానీ కాజీపేట స్టేషన్‌కు రావు. మీ పని ఎంజీఎం దగ్గరైతే వరంగల్‌లో దిగితే దగ్గర, సుబేదారి దిక్కైతే కాజీపేటలో దిగితే దగ్గర. టికెట్ తీసుకునేముందే ఇది తేల్చుకోండి. సాయంత్రం ప్యాసింజర్‌ను ఎక్స్‌ప్రెస్‌ల కోసం పక్కన ఆపేయడం మామూలే కాబట్టి, ఇంటికి చేరే టైముకు ఒక అరగంట కలుపుకునే లెక్క వేయాలి. ఆ రైలు తప్పితే ఎక్కడానికి బస్సు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రెండు కలిపి వాడుకోవడం

ఒక్కటే ఎంచుకోవాలన్న నియమం ఏమీ లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఒకే బండి ఉంటే, దాన్ని ఆలస్యంగా దిగే మనిషికి ఇవ్వాలి. మన ఇళ్లలో బండి మగవాళ్లదే అనుకోవడం అలవాటు. ఆయన ఐదింటికి దిగే ఆఫీసులో, ఆమె రాత్రి ఎనిమిదిన్నరకు దిగే ల్యాబ్‌లో పనిచేస్తే బండి ఆమె చేతిలో ఉండటమే న్యాయం. ఆయన బస్సులో రావచ్చు. బండి నడపడం రాకపోతే నేర్పించండి, లైసెన్స్ తీయించండి. లేదా పొద్దున ఆమె ఉచిత బస్సులో పోయి, రాత్రి ఆయన వెళ్లి తీసుకురావచ్చు. ఏ ఏర్పాటు చేసుకున్నా రెండో దారి ఒకటి ఉండాలి. పర్సులో స్పెషల్ ఆటోకు సరిపడా నోటు ఒకటి విడిగా దాచుకోండి. దాన్ని కూరగాయలకు తీయొద్దు.

దేంట్లో పోయినా డ్యూటీ దారిలో జరిగే ప్రమాదం మీ ఒక్కరి ఖర్మ కాదని గుర్తుంచుకోండి. నెలకు 21,000 లోపు జీతం ఉండి ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కట్ అయ్యే కార్మికులకు, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా డ్యూటీలో జరిగినట్టే లెక్కగట్టే నిబంధన 2010లోనే ఈఎస్‌ఐ చట్టంలో సెక్షన్ 51ఈగా చేరింది. మహారాష్ట్రలో తెల్లవారుజాము డ్యూటీకి బైక్ మీద పోతూ 2003లో చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసులో, కార్మిక నష్టపరిహార చట్టం కింద కూడా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెప్పింది. అయితే టైము, దారి, డ్యూటీ మూడూ కలవాలి. మధ్యలో చుట్టాల ఇంటికి పోయి రాత్రి బయలుదేరితే ఆ హక్కు నిలబెట్టుకోవడం కష్టం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈఎస్‌ఐ నంబర్ అడిగి తీసుకుని ఇంట్లోవాళ్లకు ఇచ్చి పెట్టండి. దెబ్బ చిన్నదైనా ఆసుపత్రి చీటీలో, పోలీసు ఫిర్యాదులో 'డ్యూటీకి పోతుండగా' అనో 'డ్యూటీ దిగి వస్తుండగా' అనో టైముతో సహా రాయించండి. అదే రోజు సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో మెసేజ్ పెట్టి, దాన్ని డిలీట్ చేయకుండా ఉంచుకోండి.